లాంచీలో సంపూర్ణమ్మ చోటు

"బస్తాలతో పని జరగదండీ మాణిక్యం గారూ, మనిషే కావాలి. అదీ మా వదినే కావాలి. ఇంకెవరు కూర్చున్నా షాఫ్టు ఏడుస్తోంది!"

బెజవాడలో బందరు కాలువ గట్టుకి కట్టేసిన లాంచీలోంచి, ఇంజను పక్కన బోర్లా పడుకునే అన్నాడు ఫిట్టరు శౌరయ్య. మాణిక్యం సైకిలు ఆపి, వెనకనున్న చీరల మూట దించకుండానే వింటున్నాడు. మగ్గం మనిషి. ఇంజన్ల సంగతి తెలియదు గానీ, ఒకరు చెబుతుంటే మధ్యలో కదిలిపోయే అలవాటు లేదు.

"మొదట్నుంచీ చెప్పవయ్యా."

"యుద్ధం అయిపోయాక మిలిటరీవాళ్లు వేలం వేసిన లారీ ఇంజను తెచ్చి ఇందులో దింపానా! ఇంజనేమో నడుము దగ్గర, నీళ్లలో తిరిగే పంకా తోక దగ్గర. మధ్యన తొమ్మిదడుగుల షాఫ్టు. అది వెంట్రుకవాసి వంకరున్నా పట్టేసి ఇంజను ఆగిపోతుంది. అందుకని మీరిచ్చిన నూలుపోగు ఈ చివర్నుంచి ఆ చివరికి లాగి కట్టి, మూడు రోజులు సరిచూశా. మగ్గం మీద పడుగు కూడా అంత తిన్నగా ఉండదండి."

మాణిక్యానికి రోషం వచ్చింది. దిగమింగుకున్నాడు.

"ఆ మూడు రోజులూ మా వదిన సంపూర్ణమ్మ నాకు అన్నం తెచ్చి, ఇదుగో, ఈ బల్ల మీద కూర్చుని ఊళ్లో పెళ్లిళ్ల కబుర్లన్నీ చెప్పింది. నేను వింటూ బోల్టులు బిగించా. అదేనండీ తప్పు! చెక్క పడవ, ఆవిడ బరువుకి కాస్త వంగింది. ఆ వంపులోనే షాఫ్టు కుదిరింది. ఆవిడ లేస్తే వంకరైపోతోంది."

"అంత బరువూ ఇసక బస్తాలు పెట్టరాదూ?"

శౌరయ్య లేచి కూర్చుని, నూనె చేతులు తుడుచుకున్నాడు.

"ఎంత పెట్టాలో తెలియొద్దూ? మొన్న రైసుమిల్లుకి తీసుకెళ్లి కాటా మీద నిలబెట్టా."

"సంపూర్ణమ్మనా!"

"గుమాస్తా వెధవ బరువు మిల్లంతా వినపడేలా చదివాడు. ఇంకోడు 'ఎన్ని బస్తాల కిందండీ?' అన్నాడు. ఆవిడ కాటా దిగి, అటునుంచటే పటమటలో ఇంటికి వెళ్లిపోయింది. అప్పట్నుంచీ అన్నం ముట్టలేదట."

మాణిక్యం నవ్వాపుకోలేక సైకిలు సీటు పట్టుకున్నాడు.

"నవ్వకండీ బాబూ! బస్తాలు పెట్టినా లాభం లేకపోయె. ఆవిడ కబురు చెబుతూ ముందుకీ వెనక్కీ ఊగుతుంది. బస్తా ఊగదుగా! మధ్యాహ్నం కాలువ ఆఫీసు ఇనస్పెక్టరు గారు ఎక్కుతారు. యనమలకుదురు దాకా ఆగకుండా పోయి రావాలి, ఆగిందా లైసెన్సు లేదు. ఇంటి తలుపులు ఊడదీసి మరీ దీనికి బల్లలు వేశానండీ."

"పోనీ, మళ్లీ బిగించు."

"దానికి మూడు రోజులు కావాలి. ఉన్నది మూడు గంటలు. ఆవిడ మీ దగ్గరే చీరలు కొంటుంది, మీ మాట వింటుంది."

మాణిక్యం సైకిలు పటమట వైపు తిప్పాడు. "ఏమని చెప్పను? నీ బుద్ధి గడ్డి తిందన్నావనా?"

"అదీ చెప్పండి. ఆ బల్ల మీద ఆవిడ పేరు రాయిస్తానని, ఎంత గొప్పవాడొచ్చినా అక్కడ కూర్చోనివ్వనని చెప్పండి."

సైకిలు నాలుగు గజాలు పోయిందో లేదో వెనక నుంచి మళ్లీ కేక.

"మాణిక్యం గారో! రెండు రోజుల పస్తులు, తేలికైపోయి ఉంటుంది. దగ్గరుండి అన్నం తినిపించండి. మారు వడ్డించాకే బయల్దేరదీయండి!"