వెబ్‌సైటుకి వన్స్ మోర్

తెనాలిలో స్టేజీ ఎక్కి అభాసుపాలైనవాళ్ళు చాలామందే ఉన్నారు. పద్యం మరిచిపోయినవాళ్ళు, యుద్ధం మధ్యలో మీసం ఊడిపోయినవాళ్ళు. వేషం వెయ్యకుండా, పద్యం ఎత్తకుండా, ఒక్క కంప్యూటరుతో నిండు సభలో పరువు పోగొట్టుకున్నవాణ్ణి మాత్రం నేనొక్కణ్ణే. ఆ ఘోరం ఎలా జరిగిందో చెబుతాను. మొహమాటపడకుండా నవ్వండి. అప్పటి నన్ను తలుచుకుంటే నాకే రెండు తగిలించాలనిపిస్తుంది.

ఊళ్ళోకి నెట్ సెంటర్లు కొత్తగా వచ్చిన రోజులు. వెబ్‌సైట్లు చెయ్యడం మీద ఒక పుస్తకం కొని సగం చదివాను. రెండో సగం నాలాంటివాడికి అక్కర్లేదనుకున్నాను. 'శేషగిరి, వెబ్ నిపుణుడు, తెనాలి' అని కార్డులు కొట్టించాను. నిపుణుడట! సిగ్గులేకపోతే సరి.

ఆ కార్డు చూసి మోసపోయిన మొదటి మనిషి మా నాటక పరిషత్తు అధ్యక్షులు, రైసు మిల్లు నరసయ్యగారు.

"అబ్బాయ్, మన పద్యనాటకాల పోటీలకి ఒక వెబ్‌సైటు చెయ్యి. ప్రారంభం రోజున స్టేజీ మీద తెర కట్టి అందరికీ చూపిద్దాం. బాగుందనిపించావా, బాపట్ల రోడ్డులో కట్టిస్తున్న మా కాలేజీలో కంప్యూటరు లెక్చరర్ పోస్టు నీదే" అన్నారు.

డిగ్రీ అయ్యాక ఊరిమీద తిరుగుతున్న నాకు ఆ ఉద్యోగం ఎంత అవసరమో మా వీధిలో పాలుపోసేవాడికి కూడా తెలుసు. వెబ్‌సైటులో జనం అభిప్రాయాలు రాయడానికి ఒక పెట్టె ఉండాలని, నెట్‌లో ఉచితంగా దొరికే ఓపెన్ సోర్స్ ప్రోగ్రాము తెచ్చి తగిలించాను. ఎవరో కష్టపడి రాసి అందరూ వాడుకోండని పెట్టిన సరుకు అది. నేను చేసిందల్లా దాని నెత్తిన నా పేరు వేసుకోవడం.

ప్రారంభానికి ముందే నాటక సమాజాలవాళ్ళని మా స్నేహితుడు రఫీ నెట్ సెంటరుకి పిలిపించి తలా ఒక మాట రాయించాను. అక్కడే వచ్చింది తంటా. రేపల్లె సమాజానికి పెద్ద, రాజు వేషాలకి పెట్టింది పేరైన మస్తాన్ గారు తెర మీద తమ పేరు చూసి మొహం చిట్లించారు.

"ఏంటండీ ఇది, చావు కబురు కార్డులా నల్లగా! పోస్టరు మీద మా పేరు ఎట్టా ఉంటదో అట్టా ఎర్రగా, ఇంత లావున ఉండాలండి."

బాపట్లవాళ్ళు ఊరుకుంటారా? "వాళ్ళకి ఎరుపైతే మాకు పచ్చండి. ఇంకాస్త లావుగా!"

కొత్త వెర్షన్‌లో రంగులు రావు. ఆ ప్రోగ్రాము రాసినవాళ్ళు మానేసిన పాత వెర్షన్‌లో వస్తాయి. వెతికి మరీ ఆ పాతదే తెచ్చి ఎక్కించాను.

"ఒరేయ్ శేషూ, పాతది ఎందుకు మానేశారో రాశారుగా, చదివావా?" అన్నాడు రఫీ.

"వాళ్ళకి కళాపోషణ లేదురా."

"కాదురా. రంగు కోడు రాస్తే రంగు వస్తుందంటే, ఏ ఆజ్ఞ రాసినా ఆ పేజీ వింటుంది. క్రాస్ సైట్ స్క్రిప్టింగ్ అంటారు దీన్ని."

"పేరు బాగుంది" అన్నాను.

మీకు నాకంటే త్వరగానే అర్థమవుతుంది. స్టేజీ మీద రాజు పద్యం పాడుతుంటే, ముందు వరసలోంచి ఎవడో "ఓయ్, టీ పట్రా" అన్నాడనుకోండి. మామూలు రాజు పట్టించుకోడు. నా రాజు కిరీటం పక్కన పెట్టి టీకి బయల్దేరతాడు. చదివి వినిపించాల్సిన అభిప్రాయాన్ని ఆజ్ఞ అనుకుని పాటించే వెబ్‌సైటు నాది.

ప్రారంభం రోజు మధ్యాహ్నం రఫీ మళ్ళీ పోరుపెట్టాడు. "ఏదీ, చూద్దాం" అని నా పేరు కార్డులో ఉన్నట్టే, అందరికంటే లావుగా, ఎర్రగా పెట్టి, అభిప్రాయం చోట పేజీకి ఆజ్ఞ ఇచ్చే చిన్న స్క్రిప్టు రాశాను. వెంటనే 'వన్స్ మోర్!' అని ఒక పెట్టె లేచింది. ఓకే నొక్కితే పోయి, మళ్ళీ లేచింది.

"చూశావా? ముందది తీసెయ్" అన్నాడు రఫీ.

"తీసేశాలే" అని కంప్యూటరు ఆపేసి టీకి వెళ్ళాను. కంప్యూటరు ఆపితే అది కూడా పోతుందని నిపుణుడి నమ్మకం. రాసింది ఎక్కడో సర్వర్‌లో చెక్కుచెదరకుండా ఉంటుందన్న సంగతి పుస్తకం రెండో సగంలో ఉందట.

సాయంత్రం హాలు కిటకిటలాడింది. నరసయ్యగారు మౌసు పట్టుకుని వెబ్‌సైటు తెరిచారు. 'వన్స్ మోర్!' అంది తెర.

"భలే పెట్టావబ్బాయ్!" అని మురిసిపోయి ఓకే నొక్కారు. 'వన్స్ మోర్!' జనం చప్పట్లు. మళ్ళీ నొక్కారు. 'వన్స్ మోర్!' ఈలలు. పక్కన కిరీటంతో సిద్ధంగా నిలబడ్డ మస్తాన్ గారు అది తనకే అనుకుని, హార్మోనియానికి సైగ చేసి పద్యం ఎత్తుకున్నారు.

"ఇంకా ఎంతసేపు నొక్కాలి బాబూ?" అన్నారు నరసయ్యగారు చెమట తుడుచుకుంటూ.

అప్పుడైనా నిజం చెప్పొచ్చుగా? మైకు లాక్కున్నాను. "ఇది హ్యాకింగండీ! రేపల్లెవాళ్ళ పని! రంగులు కావాలని పట్టుబట్టింది వాళ్ళే!"

మస్తాన్ గారి పద్యం ఆగిపోయింది. "మేమా? మౌసు పట్టుకోవడమే రాదు కదండీ మాకు! ఇంత మాట పడ్డాక మా నాటకం ఉండదు. కిరీటాలు మూటకట్టండ్రా!"

నరసయ్యగారి మొహం పాలిపోయింది. రఫీ స్టేజీ ఎక్కి, స్క్రిప్టులు పనిచెయ్యకుండా ఏదో నొక్కి, పేజీ మళ్ళీ తెరిచాడు. ఈసారి పెట్టె రాలేదు. అభిప్రాయం చోట ఖాళీ. దాని మీద తెరకి ఆ చివరి నుంచి ఈ చివరిదాకా ఎర్రగా ఒక పేరు.

"ఇది రాసినవాళ్ళ పేరే కదా బాబూ?" అని అడిగారు మస్తాన్ గారు.

"అవునండి" అన్నాడు రఫీ.

"నా కళ్ళజోడు లోపలుంది. శేషగిరిగారూ, కొంచెం మీరే చదివి పెట్టండి" అన్నారాయన, మైకు నా నోటిదగ్గరికి జరిపి.

చదివాను. "శేషగిరి, వెబ్ నిపుణుడు, తెనాలి."

వెనక బెంచీల్లో మొదలై హాలంతా మోగింది. "వన్స్ మోర్!"

"అడుగుతున్నారు కదండీ" అన్నారు మస్తాన్ గారు, ఎంతో మర్యాదగా.

మళ్ళీ చదివాను.

ఆయన నాటకం అద్భుతంగా సాగింది. లెక్చరర్ పోస్టు రఫీకి వచ్చింది. నేను మాత్రం మస్తాన్ గారి కిరీటం సాక్షిగా, హార్మోనియం మీద చెయ్యివేసి ప్రమాణం చేస్తున్నాను. ఇక మీదట నా పేరు ఎక్కడ రాసినా నల్లగా, అందరి సైజులోనే రాస్తాను. ఏ పుస్తకమైనా రెండో సగం నుంచే మొదలుపెడతాను. ఈ ప్రమాణాన్ని ఇంకోసారి చదవమని మాత్రం దయచేసి ఎవరూ అడగొద్దు.