మూడు సలహాలు, ఒక డబ్బా

మా పెద్దసారుకి ఒక్కటే పిచ్చి. మా వెబ్‌సైట్‌లో రైతుకి ఏ సలహా ఇచ్చినా, గొంతు మార్చి, తనే రైతై, మాలాగే రైతులకి సలహాలిచ్చే మరో రెండు సర్వీసులకీ ఫోన్ చేసి అదే ప్రశ్న అడుగుతాడు. "అయ్యా, మా టమాటా తోట ఆకు ముడుచుకుపోతోందయ్యా!" అని ఆయన గోలపెడుతుంటే మేం నోట్లో గుడ్డలు కుక్కుకుని నవ్వేవాళ్లం. ఆయన చేతిలో కుండీలో మొక్క కూడా బతకదు మరి!

నాకు మాత్రం ఒళ్లు మండేది. "పక్కవాళ్ల తప్పులు పట్టి పైవాళ్ల దగ్గర మెప్పు కొట్టేద్దామనే కదా సార్?" అనేశానొకసారి.

"నీ మొహం!" అన్నాడు.

ఆ రోజు ఒక రైతక్క ఫోన్ చేసింది. ఎకరం టమాటా, ఆకంతా ముడుచుకుపోతోంది. ఇల్లంతా దానిమీదే బతకాలి. "మీరో మందు చెప్పారు, మిగతా ఇద్దరూ చెరొకటి చెప్పారు. ఎవర్నీ కాదనలేక మూడూ కలిపేశా సారూ. మా ఆయన మందు కొట్టే డబ్బా వీపుకి తగిలించుకుంటున్నాడు."

ఆ మూడూ కలిస్తే తోట మాడిపోతుంది, మనిషికీ ప్రమాదమే.

పెద్దసారు ఫోన్ లాక్కున్నాడు. "తల్లీ, ముందు డబ్బా దింపించు! చేతులు కడుక్కోమను. లైన్లోనే ఉండు." ఇంకో రెండు ఫోన్లలో ఆ సర్వీసులవాళ్లని పట్టుకుని, మూడు ఫోన్లూ బల్లమీద పెట్టాడు.

"మా సలహా మాదే," అన్నాడొకాయన.

"మాది పైవాళ్లు ఖాయం చేసింది," అంది రెండో ఆవిడ.

"మీదీ మాదీ ఇప్పుడు ఒకే డబ్బాలో ఉన్నాయి నాయనా! ఒక్కమాట తేలేదాకా ఎవరైనా ఫోన్ పెట్టేశారో, ఊరుకునేది లేదు!"

"సారూ, మబ్బు పట్టింది. వానొచ్చేలోపు కొట్టేస్తానని ఈయన మళ్లీ డబ్బా ఎత్తుతున్నాడు!"

"ఆయనకివ్వమ్మా. ఏమయ్యా, నీళ్లెప్పుడు పెట్టావు?"

"రోజూ పెడుతున్నా. మడిలో నిలిచే ఉన్నాయి."

మూడు సర్వీసుల్లో ఒక్కరం కూడా అంతకుముందు ఆ ముక్క అడగలేదు. ఫోటో తెప్పించుకుని చూశాం. పురుగు లేదు, మచ్చ లేదు. వేళ్లు నీళ్లలో నానిపోయి ఆకు ముడుచుకుంది, అంతే.

"మందే వద్దు! నీళ్లు తీసెయ్యండి!" మూడు సర్వీసులవాళ్లం ఒకేసారి అరిచాం. డబ్బా ముట్టుకోవద్దని, మా మనిషి వచ్చి తీసుకెళ్తాడని చెప్పాం.

పెద్దసారు మంచినీళ్లకి లేచాడు. లైన్లో మిగిలిన ఆవిడ నాతో మెల్లగా అంది: "మా తప్పు దొరికితే మీ పెద్దసారు ముందు నాకే చెప్పి దిద్దిస్తారండీ. పైకి పొక్కనివ్వరు. పోయిన నెల మీరు మోతాదు పదింతలు రాస్తే నేనే చూసి చెప్పా. ఆయన దిద్దేసి, మీకు కూడా చెప్పొద్దన్నారు, చిన్నబుచ్చుకుంటారని."

సిగ్గుతో నా చెవులు కాలిపోయాయి.

వారానికి అక్క మళ్లీ ఫోన్ చేసింది. "తోట తేరుకుంది సారూ! ఈ సంగతి మీ ముగ్గురికీ విడివిడిగా చెప్పాలా?"

"ఒక్కళ్లకి చెబితే చాలు తల్లీ," అన్నాడు పెద్దసారు. "ఇకమీదట మేం మాట్లాడుకుంటాంలే."