పోరు అన్న మాట

1955, సముద్రం అవతల ఇంగ్లీషువాళ్లు ఏలే దీవిలోని జార్జ్ టౌన్. శాంతి సభకు గంట ముందు పోలీసు ఇన్‌స్పెక్టర్ మైదానానికి వచ్చి, ఇచ్చిన పర్మిట్ వెనక్కి తీసుకున్నాడు. అతని చేతిలో మా తెలుగు కరపత్రం ఉంది. అందులో ఒక్క మాట కింద ఎర్ర గీత: పోరు.

అప్పుడు నేనొక తమిళ దినపత్రికలో రిపోర్టర్‌ని. అడవుల్లో సైన్యానికీ తిరుగుబాటుదారులకూ మధ్య కాల్పులు ఆపాలని, విచారణ లేకుండా పట్టుకెళ్లినవాళ్లను విడవాలని ఏడు సంఘాలు కలిసి ఆ సభ పెట్టాయి. జరుగుతున్నదాన్ని యుద్ధం అనకూడదు, ‘ఎమర్జెన్సీ’ అనాలి. పర్మిట్‌లో షరతు అదే. ఆ మాట మీద సంఘాలు మూడు వారాలు కొట్టుకున్నాయి. ఎవరి జెండా ముందుండాలని మరో వారం. తెలుగు కరపత్రం సంగతి ఎవరికీ పట్టలేదు. చివరికి అది రాములమ్మ రాసింది.

ఆమె భర్త రెండేళ్లుగా నిర్బంధ శిబిరంలో ఉన్నాడు. సభకు వస్తానన్న అధికారి చేతిలో అతని విడుదల అర్జీ పెట్టాలి, ఆమెకు కావలసింది అంతే. “ఈ పోరు పడలేం, శాంతి కావాలి” అని రాసింది. స్టెన్సిల్, అంటే కాపీలు తీసే మైనపు కాగితం, సరిచూసింది నేనే. పుస్తకాల్లో ఏమైనా, మా ఇళ్లలో పోరంటే సతాయింపు. అలాగే చదివి వదిలేశాను.

పోలీసుల దుబాసీ తమిళుడు. తెలుగు లిపి రాదు, ఎవరిచేతనో చదివించుకుని విన్నాడు.

“తమిళంలో పోర్ అంటే యుద్ధమే లా!” అన్నాడు, ఆ ఊరి అలవాటున మాట చివర ‘లా’ తగిలించి.

“ఏటి బాబూ, మా అత్త పోరెడతందంటే తుపాకీ అట్టుకొచ్చినాదనా?” అంది రాములమ్మ.

జనం నవ్వారు. ఇన్‌స్పెక్టర్ నవ్వలేదు. అధికారి కారు గేటు దగ్గరే వెనక్కి తిరిగింది. మావాళ్లు అప్పుడు కూడా తప్పు ఏ సంఘానిదని వాదించుకుంటున్నారు!

“నువ్వు సదివినావు గదా తమ్ముడూ?” అని మాత్రం నన్ను అడిగింది రాములమ్మ.

పదేళ్లు గడిచాక, అమెరికాలో వియత్నాం యుద్ధం వద్దన్న సంఘాలు నినాదం కుదరక చీలుతున్నాయని టెలిప్రింటర్ మీద వార్తలొచ్చేవి. వాళ్లదీ అదే గోల అని విసుక్కుంటూ దిద్దేవాణ్ణి. అయితే ఏ కాపీనైనా పైకి చదివించి, పక్కింటివాడి చెవితో వినడం మాత్రం ఆ మైదానంలోనే నేర్చుకున్నాను.

ఆ అర్జీని సభ ఆగిన మర్నాడే తపాలాలో పంపాం. రెండేళ్లకు మెర్డెకా, అంటే అక్కడి స్వాతంత్ర్యం, వచ్చింది, జెండా మారింది. రాములమ్మ భర్తను ఓడెక్కించి ఇండియాకు పంపేశారని ఒకరు చెప్పారు, వేరే శిబిరానికి మార్చారని ఇంకొకరు. అర్జీకి జవాబు రాలేదు.