‘యుగయుగాలు’ అనలేని న్యాగోండ్వే

పాట చివర "యుగయుగములకు ఆమేన్" అని గుడంతా గొంతెత్తే చోట న్యాగోండ్వే నోరు మూసుకునేది. అంతవరకూ అందరికంటే పైన వినిపించేది ఆమె గొంతే. ఆ మాట రాగానే తల వంచుకుని, నడుముకు చుట్టిన గుడ్డ అంచును వేలికి మెలిపెట్టేది.

"ఆమేన్ దగ్గరికొచ్చేసరికి నీకు ఉసిపా ముల్లు అడ్డం పడుద్దేంటే?" అని మేం ఏడిపించేవాళ్ళం. సరస్సులో దొరికే ఆ చిన్న చేపల్ని ఎండబెట్టి అమ్మడమే ఆమె బతుకుతెరువు. మేమిద్దరం చేపలు ఎండబెట్టే బల్లలూ పక్కపక్కనే ఉండేవి.

ఒకరోజు చేపలు తిరగేస్తూ నాకు అసలు సంగతి చెప్పింది. చిన్నప్పుడు ఈదుతూ కాస్త లోపలికి పోయిందట. మా సరస్సులో నేల ఒక్కసారిగా తెగిపోతుంది. కాలు కిందికి చాపితే ఏమీ తగల్లేదు.

"ఆ మాట విన్నప్పుడల్లా అలాగే ఉంటదే. నరకమనే కాదు, పరలోకమైనా అంతే. పెళ్ళి అయిపోద్ది, చావింట్లో ఏడుపు అయిపోద్ది. అది అయిపోదంట. ఎన్నాళ్ళున్నా అయిపోదంట. గుండె జారిపోద్ది నాకు."

నేను నవ్వేశాను. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

ఆమె భర్త లైసన్ గుడి మెట్లెక్కి ఇరవై ఏళ్ళు. తాగుతాడని సంఘ పెద్ద ముంతలి అతన్ని రొట్టె, ద్రాక్షరసం పంచుకునే ప్రభువు బల్లకు దూరం పెట్టాడు. "మీ పరలోకంలో వల వెయ్యడానికి నీళ్ళుంటే చెప్పు, వస్తా," అని పెళ్ళాన్ని ఆటపట్టించేవాడు. సంతపేటలో అతనికి ఇంకొక ఆడమనిషి ఉందన్న సంగతి న్యాగోండ్వేకీ తెలుసు. దాని గురించి ఇద్దరూ ఎప్పుడూ మాట్లాడుకోలేదు.

వానలు మొదలయ్యే రోజుల్లో అతనికి పొట్ట ఉబ్బింది. కళ్ళు పసుపు తిరిగాయి. ఆసుపత్రివాళ్ళు ఇంటికి తీసుకుపొమ్మన్నారు. ఒకరోజు నేను గంజి పట్టుకుని వెళ్ళేసరికి ఆ వేళాకోళాల మనిషి పెళ్ళాం చెయ్యి వదలకుండా పట్టుకుని ఉన్నాడు.

"న్యాగోండ్వే, ఆ అయిపోనిది ఉందంటావు కదా. అందులో నేనొక్కణ్ణే ఉంటానా?"

ఆమె ముఖం బూడిదలా అయిపోయింది. పాస్టరుగారిని పిలవమని నన్ను పంపింది. ఆయన సరస్సు అవతలి ఊళ్ళో ఉన్నారు. గాలి ఎక్కువై పడవలు కదలడం లేదు. చివరికి ముంతలిని తీసుకొచ్చాను.

ముంతలి కూర్చోకుండానే అడిగాడు. "ఆ ఆడదాని సంగతి అందరి ముందూ ఒప్పుకుంటావా? లేకపోతే ఆరని అగ్నే. ఈ నొప్పి రెండు వారాలే కదా. దానికి వారాలుండవు."

లైసన్ గోడ వైపు తిరిగిపోయాడు.

"పెద్దాయనా, ఇక మీరెళ్ళండి," అంది న్యాగోండ్వే.

"నీకు తెలియదమ్మా, ఇతని ఆత్మ..."

"నాకు తెలియదు. మీరెళ్ళండి."

అతను వెళ్ళాక బైబిల్ తీసింది. ఆమె చదువు నాలుగో తరగతి. వేలు పెట్టి అక్షరం అక్షరం చదివేది. ప్రభువు తన వాళ్ళ కోసం ప్రార్థన చేసే చోటు వెతికింది. నిత్యజీవమంటే తండ్రిని ఎరగడమని ఉన్న మాట దగ్గర ఆగింది. మళ్ళీ చదివింది.

"ఇదిగో, ఇందులో ఎంతకాలమన్నది లేదయ్యా. ఎవరితో అన్నదే ఉంది."

"నేనాయన్ని ఎరగను కదే."

ఆమె వేలు ఆ మాట మీదే ఉంచింది. "మీరెరక్కపోయినా ఆయన మిమ్మల్ని ఎరుగును. నేనలా అనుకుంటున్నా."

"నీకు భయం పోయిందా?"

"పోలేదు."

అబద్ధం చెప్పనందుకేనేమో, అతను కొంచెం తేలిగ్గా ఊపిరి పీల్చాడు. మర్నాడు మధ్యాహ్నం పోయాడు. ముంతలి గుడిగంట కొట్టనివ్వలేదు. మేమే మోసుకెళ్ళి పూడ్చాం.

అసలు భయం ఆ తర్వాత పట్టుకుంది ఆమెను. తినేది కాదు. చేపలు తిరగేస్తూ మధ్యలో చేతులు ఆగిపోయేవి. "నేను చెప్పింది తప్పయితే? నా మాట నమ్మి వెళ్ళాడు. అదే తప్పయితే, దాన్ని సరిదిద్దే రోజంటూ ఎప్పటికీ రాదు కదే."

పాస్టరుగారు తిరిగొచ్చారని తెలిసి ఇద్దరం నడిచి వెళ్ళాం. ఆయన అంతా విన్నారు.

"నిత్యం అనగానే మనం పొడుగు కొలుస్తామమ్మా. వాక్యం ఎక్కువగా చెప్పేది అది ఎలాంటి బతుకో అన్నదే. నువ్వు చదివిందీ అదే."

"అయితే లైసన్ ఎక్కడున్నాడు అయ్యగారూ?"

"తెలియదు. అది నా చేతిలో లేదు, ముంతలి చేతిలోనూ లేదు."

"ముప్పై ఏళ్ళుగా చెబుతున్నారు, మీకూ తెలియదా?"

"తెలియదమ్మా. యుగయుగాలు అన్న మాట చదివేటప్పుడు నాకూ ఒళ్ళు జలదరిస్తుంది."

ఆమె కోపంగా లేచి వచ్చేసింది.

ఆ తర్వాత, లైసన్‌కు ఆమె అబద్ధం చెప్పలేదన్న మాట ఊళ్ళో పాకి, మంచాన పడ్డవాళ్ళు ఆమెను పిలిపించుకోవడం మొదలుపెట్టారు. వద్దని గొణుగుతూనే వెళ్ళేది. మా అత్త చివరి రోజుల్లోనూ వచ్చింది. గుమ్మంలో ఒక నిమిషం ఆగింది. లోపలికొచ్చి చాప మీద కూర్చుంది.

"భయంగా ఉంటదా అక్కడ?" అని అడిగింది అత్త.

"నాకైతే ఇక్కడే భయంగా ఉంది అత్తా. చెయ్యి ఇటివ్వు."

అత్త చెయ్యి తన రెండు చేతుల్లో పెట్టుకుంది. సాయంత్రం దాకా ఆమె లేవలేదు.