నాన్న చెవి పక్కనే గలగల

నేను ఇంకా గౌన్లు వేసుకు తిరిగే రోజులు... గోపాలపట్నంలో మా ఇల్లు రైలు పట్టాలకు బాగా దగ్గర. పోర్టుకు వెళ్ళే గూడ్సు బండి వచ్చిందంటే చాలు, వంటింటి అలమరలో గిన్నెలన్నీ కబుర్లు మొదలెట్టేవి.

అమ్మకు ఆ చప్పుడంటే మహా చిరాకు. లేచి వెళ్ళి ఒక్కోదాని మీద అరచెయ్యి ఆనించేది. తప్పేలా... కాదు. సత్తు గిన్నె... కాదు. మరచెంబు పిడి పట్టుకోగానే చప్పుడు ఠక్కున ఆగిపోయేది. "దొరికావే దొంగా!" అని దానికి ఓ గుడ్డపీలిక చుట్టేది.

మా నాన్న ఇనుప రేకులు సాగగొట్టే షెడ్డులో పని చేసేవాడు. రోజంతా సుత్తి దెబ్బలే. ఇంటికొచ్చాక మేం పిలిస్తే ఓ పట్టాన పలికేవాడు కాదు. అలిసిపోయాడులే అనుకుని తప్పుకునేవాళ్ళం. చర్చిలో పాట పాడటం కూడా మానేశాడు. "మీ నాన్నకి మనమంటే ఇసుగొచ్చేసిందే..." అని అమ్మ నా దగ్గర బెంగపడేది.

అలాంటి నాన్న ముచ్చటపడి ఓ పాత తెల్ల కారు కొన్నాడు. అబ్బో, ఏం సంబరమో! ఆదివారం చర్చి అయ్యాక ఆనందపురంలో మావయ్య ఇంటికి అందులోనే ప్రయాణం. కొన్నాళ్ళకు బండి చప్పుడు మొదలెట్టింది. గతుకు వస్తే చాలు... గలగలగల!

"ఏటండీ ఆ సౌండు?" అని అమ్మ అడిగింది. నాన్న పలకలేదు. మళ్ళీ గట్టిగా అడిగింది.

"ఏ సౌండు? నాకేటీ ఇనపడ్డం లేదే!"

మావయ్య ఊరుకుంటాడా! "బావా, నువ్వొస్తన్నట్టు జంక్షన్ కాడ్నుంచే తెలిసిపోతన్నాది. ఇంక హారన్ ఎందుకు దండగ!" అని వీధంతా వినేలా నవ్వాడు. నాన్నకు ఒళ్ళు మండిపోయింది. "నా బండంటే మీకందరికీ కుళ్ళు" అని ఆ పూటంతా మూతి ముడుచుకుని కూర్చున్నాడు.

మరుసటి ఆదివారం అమ్మ ఆ చప్పుడు పని పట్టింది. రైలు గేటు దగ్గర గతుకుల రోడ్డు మీద మెల్లగా పోనివ్వమని, డ్యాష్‌బోర్డు మీద చెయ్యి ఆనించింది... కాదు. తన వైపు డోరు... కాదు. వెనక సీట్లో నేను అటు డోరూ ఇటు డోరూ వెనకద్దమూ నొక్కి చూశాను. ఊహూఁ. స్టెప్నీ, జాకీ అయితే అప్పటికే ఇంట్లో దింపేశాం. నాన్న డోరు మాత్రం ఎవరం ముట్టుకోలేదు. ఆయన చెవి పక్కనే కదా... అక్కడుంటే అందరికంటే ముందు ఆయనకే వినబడేది కదా అనుకున్నాం.

చివరికి విసుగొచ్చి, సీటు వెనక నుంచి చెయ్యి చాపి, నాన్న సగం దించుకున్న అద్దాన్ని గట్టిగా పట్టుకున్నాను. గలగల ఆగిపోయింది. వదిలాను... మళ్ళీ మొదలు.

"దొరికింది!" అని కేక పెట్టాను. అమ్మ నవ్వలేదు. బండి పక్కకు ఆపించింది. ఇంజను ఆడుతూనే ఉంది, అద్దం గలగలమంటూనే ఉంది. నాన్న చెయ్యి తీసి దాని మీద పెట్టింది.

"అదురుతన్నాదా?"

"ఊఁ... అదురుతన్నాది."

"ఇనపడతన్నాదా?"

నాన్న చెవి దగ్గరగా పెట్టాడు. "లేదే..." అన్నాడు మెల్లగా.

అమ్మ కళ్ళనిండా నీళ్ళు. "మా మీద ఇసుగనుకున్నానండీ నాను... ఇనపడక పలకలేదా ఇన్నాళ్ళూ! ఎనకాల లారీ వోడు హారన్ కొడితే ఎలాగండీ? పిల్ల కూడా బండిలోనే ఉంటాది!"

మా నాన్న భయపడటం నేను చూడటం అదే మొదలు. తాళం తీసి అమ్మ చేతిలో పెట్టేశాడు. కబురందుకుని మావయ్య వచ్చి, ఈసారి ఎగతాళి మాని బండిని ఇంటికి తోలాడు.

సాయంత్రం నాన్నే ఆ డోరు లోపలి అట్ట విప్పాడు. అద్దాన్ని పట్టుకునే బోల్టు వదులైపోయి ఉంది. బిగించి, అద్దం కింద సైకిల్ ట్యూబు ముక్క దూర్చాడు. మావయ్య వీధి చివరిదాకా నడిపి చూశాడు. చప్పుడు లేదు.

"బండి బాగైపోయింది బావా... రేపు నీ సెవులు సూపిద్దాం. నానూ వస్తాను" అన్నాడు. నాన్న కాదనలేదు.

చెవి మిషను పెట్టుకున్న తొలిరోజే గూడ్సు బండి వచ్చింది. నాన్న కంగారుగా వంటింట్లోకి వచ్చి "ఏటే, మనింట్లో ఇంత గోలా!" అన్నాడు. అమ్మ పడీ పడీ నవ్వింది. ఆ మిషనుకు బాగా అలవాటు పడ్డాకే నాన్న మళ్ళీ స్టీరింగు పట్టాడు. చర్చిలో పాటా అందుకున్నాడు. శ్రుతి కుదిరేది కాదు గానీ, ఎంత హాయిగా ఉండేదో! ఆ డొక్కు బోల్టు వదులైనందుకు నేను దేవుడికి ఇప్పటికీ దణ్ణం పెట్టుకుంటాను.

మొన్న అమ్మానాన్నలను నా కారులో ఆనందపురం తీసుకెళ్తున్నాను. అద్దాలు మూసి, ఏసీ వేసి... నాకేమీ వినిపించడం లేదు. వెనక నుంచి నాన్న, "అమ్మీ, ఎక్కడో టకటకమంటన్నాది... సూడే" అన్నాడు.

అద్దంలో చూశాను. అమ్మ ఒళ్ళో ఆ పాత మరచెంబు. గుడ్డపీలిక ఎప్పుడో ఊడిపోయి పిడి కొట్టుకుంటోంది. అమ్మ పట్టుకోబోయి, ఆగి, చెయ్యి వెనక్కి తీసుకుంది.

"ఉండనీయే... ఇననీ" అంది.

ఇప్పుడు బండికి ఏదైనా అయితే కంప్యూటరే చెప్పేస్తోంది... ఇంట్లో మనిషి పలకకపోతే ఎందుకో చెప్పేదెవరు? మీ ఇంట్లో అలా చెయ్యి ఆనించి కనిపెట్టినవాళ్ళు ఉంటే, వాళ్ళ గురించి కింద రాయండి... అమ్మకు చదివి వినిపిస్తాను. నాన్నా వింటాడు.