పిడికెడు యూరియా

నా చిన్నప్పుడు, నాలుగో తరగతిలో ఉండగా, నన్ను కన్నతల్లి, మా అవ్వకు పట్టుకున్న జ్వరం పది రోజులైనా తగ్గలేదు. కళ్లు పచ్చబడ్డాయి. హుజూరాబాద్ దగ్గర మా ఊరు. మా నాన్న, బాపు, దుబాయిలో ఉన్నాడు. మా మేనమామ వచ్చి అవ్వను కరీంనగర్ దవాఖానకు తీసుకుపోతూ నన్ను పక్కింటి పెద్దమ్మకు అప్పగించాడు.

పోయే ముందు అవ్వ గోడ పట్టుకుని పెరట్లోకి నడిచి, తాను పోసిన టమాట, వంకాయ నారు చూపించింది. పాత నూనె డబ్బాల అడుగున మేకుతో బొక్కలు కొట్టి, జల్లించిన ఎర్రమట్టిలో మాగిన పెంట ఎరువు కలిపి పోసిన నారు. అప్పుడప్పుడే రెండేసి ఆకులు విప్పుతోంది.

"పొద్దుగాల ఇన్ని నీళ్లు చిలకరియ్యి బిడ్డా, సాలు. నారు నాటే యాళ్లకు నేనొస్త" అంది.

ఆ మాట నాలో ఇంకోలా నాటుకుంది. నారు ఎంత తొందరగా ఎదిగితే అవ్వ అంత తొందరగా వస్తుందనుకున్నాను. బడికి పోయే ముందూ వచ్చాకా వేలు ఆనించి కొలిచేదాన్ని. ఎదిగినట్టే ఉండేది కాదు. మామ రెండుసార్లు వచ్చి వాకిట్లోనే నిలబడి పెద్దమ్మతో మెల్లగా మాట్లాడిపోయాడు. నాతో మాత్రం నా మొహం చూడకుండా "మంచిగైతంది" అన్నాడు.

యూరియా చల్లిన వరి మడి వారంలో పచ్చగా లేవడం నేను చూశాను. కొట్టంలో సగం వాడిన సంచి ఉంది. ఒక మధ్యాహ్నం డబ్బాకు పిడికెడు చొప్పున వేసి నీళ్లు పోశాను. మర్నాటికి ఆకుల అంచులు మాడాయి. భయపడి ఇంకా నీళ్లు పోశాను. మూడో రోజుకు కాడలు మట్టి మీద వాలిపోయాయి. ఒక్కోదాన్నీ వేలితో లేపి నిలబెట్టాను. వేలు తీయగానే పడిపోయేది.

బడికి పోకుండా డబ్బాల మధ్య కూర్చున్న నన్ను పెద్దమ్మ చూసింది.

"ఎంత ఏసినవ్?"

"డబ్బకు పిడికెడు. నారు సచ్చింది పెద్దమ్మా. ఇగ అవ్వ రాదు."

వాళ్ల పెరట్లోని నారు తెచ్చి మా డబ్బాల్లో పెట్టమని ఆమె కాళ్లు పట్టుకున్నాను. పెడితే అవ్వ వస్తుందని నమ్మేసేదాన్ని. ఆమె పెట్టలేదు. నా పక్కన ఆ తడిమట్టిలోనే కూర్చుంది.

"నారు నీ చేతులనే సచ్చింది, గది నిజమే. రెండాకుల మొక్కకు గంత మందేస్తె ఏర్లు మాడిపోతయ్. గని మీ అవ్వ జరం నీ చేతుల లేదు బిడ్డా. నా చేతుల లేదు. గా డాక్టర్ల చేతులనన్న ఉన్నదో లేదో. నారుకు, అవ్వకు ముడెయ్యకు."

ఆ రోజే డబ్బాలు కుమ్మరించి, కొత్త మట్టి నింపి మళ్లీ విత్తనం పోశాం. ఈసారి పెంట ఎరువు తప్ప మరేమీ వేయలేదు. నారు బలంగా, పొట్టిగా, కాడ లావుగా వచ్చింది. పెద్దమ్మా నేనూ నాటాం. అంతకు వారం ముందే మామ అవ్వ శవాన్ని జీపులో తెచ్చాడు. దుబాయి నుంచి బాపు కడసారి చూపుకు అందుకోలేకపోయాడు.

ఆ పెరట్లో పెద్దమ్మ ఆ ముడి విప్పకపోయి ఉంటే, నా అవ్వను నేనే చంపానని ఇన్నేళ్లూ నమ్మి బతికేదాన్ని. ఏడుపు మిగిలింది కానీ ఆ నేరం మిగలలేదు.

నిరుడు మా ఇంటాయన జ్వరం ముదిరి దవాఖానలో కళ్లు తెరవకుండా పడి ఉన్నప్పుడు, మా మనవరాలు అన్నం ముట్టనంది. తాను తింటే తాత లేవడట. నేనూ నేల మీద ఆ పిల్ల పక్కనే కూర్చుని, నువ్వు తిన్నా తినకున్నా తాత జరం నీ చేతుల లేదు బిడ్డా అని చెప్పాను. లేస్తాడని మాత్రం చెప్పలేదు. నాకే తెలియదు. చాలాసేపటికి అది ఒక ముద్ద నోట్లో పెట్టుకుంది.