గేటు కాడ నిలబడ్డ నిత్య

అది 2018. మంచిర్యాలలో ఒక చిన్న ప్రైవేటు బడిలో నేను ఆయమ్మగా చేరి తొమ్మిదేండ్లయింది. నేను బడికి పోయినదాన్ని కాదు. మా బాపు ఇంట్లోనే అక్షరాలు దిద్దించి, రామాయణం చదువుడు నేర్పిండు. అయినా దేవుడు నన్ను తీసుకొచ్చి బడిలోనే పెట్టిండు. ఆ దసరా సెలవుల్లో ఇరవై రెండు మంది యూకేజీ పిల్లలను హైదరాబాద్ జూ చూపించడానికి తీసుకపోయినం. పొద్దుగాల రైలెక్కి, సాయంత్రం రైలుకు తిరిగి రావాలె. పెద్దవాళ్లం నలుగురం.

చిన్నపిల్లల ట్రిప్‌లో మా పని సగం హెడ్ కౌంటే. అంటే రైలు దిగినంక, బస్సెక్కినంక, నీళ్లు తాగినంక తలలు లెక్కపెట్టుడు. ఇంకొకటి పెయిర్. ఇద్దరిద్దరు కలిసి ఉంటరు, ఒకరు కనిపించకపోతే రెండోవాళ్లు మాకు చెప్పాలె. తప్పిపోతే ఎక్కడోళ్లు అక్కడే నిలబడాలని వారం రోజులు నేర్పినం. పిల్లలు పాట లెక్క అప్పజెప్పిండ్రు.

ఒంటిగంటకు చెట్ల కింద కూర్చోబెట్టి పులిహోర పెడుతుంటే, బయట ఎక్కడో కార్ఖానా సైరన్ మోగింది. నేను పట్టించుకోలే. తిన్నంక లెక్కపెడితే ఇరవై ఒక్కరే. మళ్లీ లెక్కపెట్టిన. నిత్య లేదు.

నిత్య పెయిర్ శాన్విని అడిగిన.

"సైరన్ మోగంగనే ఉరికింది ఆయమ్మా. నేనైతే కదలలే."

"మరి అప్పుడే చెప్పద్దా?"

"తినేటప్పుడు మాట్లాడద్దన్నవు గదా."

ఒక టీచరు పిల్లల కాడుంటే, కోతుల దిక్కు ఒకరు, నీళ్ల దిక్కు ఒకరు ఉరికిండ్రు. నేను కొండగట్టు అంజన్నను తలుచుకొని కండ్లు మూసుకున్న. సైరన్ అన్న మాట కాడ మనసు ఆగింది. నిత్య తండ్రి బొగ్గుబాయిలో పనిచేస్తడు. గనిని మా దిక్కు బాయి అంటం. షిఫ్టు మారేటప్పుడు మోగే సైరన్‌ను బట్టే అక్కడి ఇండ్లల్లో పనులు నడుస్తయి. వేళ కాని వేళ మోగిందంటే మాత్రం లోపల ఏదో అయినట్టు. కాలనీ ఆడవాళ్లు చేతిలో పని అక్కడే ఇడిసి బాయి గేటుకు ఉరుకుతరు. ఆ వానకాలమే వాళ్ల అవ్వ, అంటే తల్లి, నిత్యను చంకనేసుకొని అట్లా ఉరికి, తండ్రి బయటికొచ్చేదాక గేటు కాడనే నిలబడ్డది. నేను గేటు దిక్కు నడిచిన.

ఉన్నది. బయటికి పోయే గేటు చువ్వలు పట్టుకొని, వచ్చేటోళ్ల మొఖాలు ఒక్కొక్కటే చూస్తున్నది. వాచ్‌మన్ తాత ఆమెను గేటు దాటనియ్యలే. ఆ పెద్దమనిషిని దేవుడు సల్లగ చూడాలె.

"ఏం చేస్తున్నవ్ బిడ్డా?"

"మా బాపు ఇంకా రాలే."

"ఇది మన బాయి కాదమ్మా, జూ."

"మరి గింతమంది బయటికొస్తున్రు గదా."

ఎత్తుకుందామంటే చువ్వలు ఇడవలే. వాళ్ల అవ్వకు ఫోన్ చేసిన. బాయిల ఏం కాలేదని, ఆయన ఫస్టు షిఫ్టులో ఉన్నడని, కిందికి ఫోన్ తీసుకపోనియ్యరు కాబట్టి మూడింటికి పైకొచ్చినంకనే మాట్లాడుతడని చెప్పింది. నిత్య ఆ మాట నమ్మలే. గుంజుకపోవచ్చు. కానీ ఆ పిల్ల అల్లరికి నిలబడలే, తండ్రి కోసం నిలబడ్డది. మిగతా పిల్లలను టీచర్లతో పంపి నేను ఆమె పక్కన ఉన్న. తాత తన స్టూల్ ఇచ్చిండు. మేమిద్దరం కూర్చోలే.

మూడు దాటినంక ఫోన్ మోగింది. స్పీకర్ పెట్టిన.

"ఏనుగును చూసినవా బిడ్డా?" అన్నడు తండ్రి.

"చూడలే. నీకోసం గేటు కాడున్న."

తండ్రి మెల్లగ, "వచ్చిన బిడ్డా. పైకొచ్చిన. ఇగ నువ్వు లోపలికి పో," అన్నడు.

అప్పుడు చువ్వలు ఇడిసి నా చెయ్యి పట్టుకున్నది. ఆకలైతున్నదన్నది. మిగిలిన పులిహోర తినుకుంటనే ఏనుగు కాడికి పోయినం.

ఎక్కడోళ్లు అక్కడే నిలబడాలని మేం నేర్పింది తప్పు కాదు. కానీ మాకంటే ముందు ఇల్లు నేర్పింది ఒకటుంటది. ఇప్పుడు ప్రతి ట్రిప్‌కు ముందు, ఏం తింటరు, ఏ మందు పడదు అని తల్లులను అడిగినంక ఇంకొకటి అడుగుత. భయమైతే మీ బిడ్డ ఎక్కడికి ఉరుకుతది? ఆ అడుగుడు నాకు నేర్పింది నిత్యనే. దీపం పెట్టినప్పుడల్లా ఆ బిడ్డను తలుచుకుంట.

"నా కాడికే ఉరుకుతది," అంటరు తల్లులు, నవ్వుకుంట.

"నువ్వు లేని జాగల?" అంట.

అప్పుడు తల్లి ఆలోచనలో పడుతది. ఆ జవాబు వచ్చేదాక నేను ఎంతసేపైనా ఆగుత.